జాతరలో నేను ఎదిరించిన అరెస్టు

అరెస్టును ఎదిరించినందుకు నన్ను అరెస్టు చేశారు. నేను ఎదిరించానన్న ఆ మొదటి అరెస్టు ఏ నేరానికో మాత్రం చెప్పలేదు. దొంగతనానికి కాదు, కొట్లాటకు కాదు, తాగి పడినందుకు కాదు. అరెస్టు కానన్నందుకు అరెస్టు. ఈ ముక్క చెబితే విన్నవాళ్లు ముందు నవ్వుతారు. నవ్వయిపోయాక, "మొదట నువ్వేదో చేసే ఉంటావులే" అంటారు. చదువుకున్నవాళ్లయితే నవ్వకుండా నేరుగా రెండో మాటే అంటారు.

అప్పుడు నేను తిరుపతిలో కుళాయిలకు నీళ్లు వదిలే పనిలో ఉండేవాణ్ణి. ఎమర్జెన్సీ ఎత్తేసి ఎక్కువ కాలం కాలేదు. ఛాతీ ఎత్తు ఇనప కడ్డీ ఒకటి సైకిలుకు కట్టుకొని తిరిగేవాణ్ణి. వీధి మొదట్లో గుంతలో ఉన్న వాల్వుకు ఆ కడ్డీ తగిలించి అటు తిప్పితే వీధికి నీళ్లు, ఇటు తిప్పితే గాలి. నా సైకిలు గంట వినిపిస్తే చాలు, ఆడవాళ్లు బిందెలు తీసుకొని బయటికి వచ్చేవాళ్లు. ఇంత అధికారం ఉన్నా నేను దినకూలీనే. ఆ సంవత్సరం, ఏళ్ల తరబడి పని చేస్తున్న దినకూలీలను పర్మినెంటు చేస్తామని ఆఫీసులో చెప్పారు. పర్మినెంటు అంటే ఏమిటో దినకూలీగా బతికినవాడికి వేరే చెప్పక్కర్లేదు. జ్వరం వచ్చినా జీతం ఆగదు. అంతే. దానికి ఒకటే షరతు, పోలీసుల వైపు నుంచి మచ్చ ఉండకూడదు.

నాకు బడి చెప్పింది ఐదో తరగతి దాకా. మిగతాది గ్రంథాలయం చెప్పింది. పొద్దున నీళ్లు వదలడం అయిపోయాక సాయంత్రం నీళ్లు వదిలే దాకా నాకు పనిలేదు. ఆ ఎండవేళల్లో అక్కడ ఫ్యాను కింద కూర్చొని దొరికినదల్లా చదివాను. అందుకని మచ్చ అంటే ఏమిటో నాకు బాగానే తెలుసు. తెలిసి ఏం లాభం.

వేసవిలో తిరుపతిలో గంగమ్మ జాతర జరుగుతుంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఆ వారం రోజులూ ఊళ్లో మగవాళ్లు వేషాలు వేస్తారు. రోజుకొక వేషం. ఒకనాడు సున్నం రంగు పూసుకుంటారు, ఒకనాడు కుంకుమ, ఒకనాడు బొగ్గు. చీరలు కట్టుకొని తిరిగే మగవాళ్లకు లెక్క లేదు. వేషం వేసినవాడు దారిలో ఎదురైన ప్రతివాణ్ణీ బూతులు తిట్టాలి. తిట్టడం మొక్కు, తిట్టించుకోవడం పుణ్యం. తిట్టు తగిలితే ఒంట్లో ఉన్న పీడ పోతుందని నమ్మకం. పెద్దమనుషులు కూడా నిలబడి తిట్టించుకొని, వేషగాడి చేతిలో చిల్లర పెట్టి, దండం పెట్టి పోతారు. దీని వెనక ఒక కథ ఉంది. ఆడపిల్లల జోలికి పోయే పాలెగాడొకడు అమ్మవారికి భయపడి దాక్కుంటే, వాణ్ణి బయటికి రప్పించడానికి ఆ తల్లి రోజుకొక వేషం వేసుకొని తిట్టుకుంటూ తిరిగిందట. ముద్దాయిని పట్టుకోవడానికి ఇంత కష్టపడిన అధికారిని నేను మళ్లీ చూడలేదు.

ముందు సంవత్సరం మా ఆవిడకు అమ్మవారు పోసి తగ్గింది. తోటి వేషం అనేదొకటుంది, అది వేస్తానని మొక్కుకున్నాను. ఆ వేషానికి ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకోవాలి, నడుముకు, తలకు వేపమండలు కట్టుకోవాలి. చెమటకు రాలిపోకుండా నేను బొగ్గులో ఆముదం కలిపి పూసుకున్నాను. ఈ ఆముదం తర్వాత కోర్టుకెక్కింది.

మధ్యాహ్నం దాకా ఊరంతా తిట్టాను. నాకు నీళ్ల దగ్గర పడని ఇళ్లవాళ్లను కాస్త ఎక్కువ తిట్టాను, కాదనను. గుడి వీధి మలుపులో అంబలి పోస్తున్న పందిరి పక్కన ఒక పోలీసు వేషం కనిపించింది. ఆ సంవత్సరం కుర్రాళ్లలో పోలీసు వేషాలు ఎక్కువే. పొద్దుటి నుంచి అట్లాంటివాళ్లను ఇద్దరు ముగ్గురిని చూశాను. ఈయనకు చొక్కా భుజాల దగ్గర వదులు, ప్యాంటు పొట్టి. మెడలో వేపాకు దండ. నుదుట అరచేయంత కుంకుమ. నేను చూస్తుండగానే ఒక ముసలామె వచ్చి ఆయన చేతిలో పావలా పెట్టి దండం పెట్టింది. ఆయన తీసుకున్నాడు.

పావలా తీసుకున్నాడంటే ఇంకేం ఆలోచించాలి. ఎదురుగా పోయి నిలబడి, ఆ రోజుకంతా దాచుకున్న మంచి తిట్టు ఒకటి తిట్టాను. అది ఇక్కడ రాయను. ఆ తిట్టు మంచిదని అందరూ ఒప్పుకున్నారు.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఏంట్రా కూశావు? పద స్టేషనుకి" అన్నాడు.

ఆ మాటతో నాకున్న కాస్త అనుమానం కూడా పోయింది. నాటకాల్లో, సినిమాల్లో పోలీసులు మాట్లాడే భాష అది. మా పక్క పోలీసులు మాలాగే మాట్లాడతారు, కొట్టేటప్పుడు కూడా. ఎవడో నాటకాల కంపెనీ మనిషి, బాగా పట్టాడు అనుకున్నాను. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన అసలు కానిస్టేబులనీ, జాతర మొదటిసారి చూస్తున్నాడనీ నాకెట్లా తెలుస్తుంది?

"అదిరిందప్పా. ఇంకోసారి అను" అన్నాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. నేను వేషంలో ఉన్నాను గదా, ఒక గంతు వేశాను. ఆముదం తన పని తాను చేసింది. చెయ్యి జారింది. జారిన వేగానికి ఆయన వెనక్కి పోయి అంబలి తొట్టిలో కూర్చున్నాడు. టోపీ దాంట్లో తేలింది. పందిరి కింద ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే నన్ను ముంచినాయని ఇప్పటికీ నా అభిప్రాయం. చప్పట్లు లేకపోతే ఆయన ప్యాంటు పిండుకొని ఇంటికి పోయేవాడు.

ఈల ఊదాడు. ఇద్దరు పోలీసులు వచ్చారు. వాళ్లు మా పక్కవాళ్లు, నన్ను ఎరిగినవాళ్లు. వాళ్లను చూశాక అసలు సంగతి అర్థమై రెండు చేతులూ జోడించి నిలబడ్డాను. మాటతో గాని చేతతో గాని లొంగిపోయినవాణ్ణి అరెస్టుకు ముట్టుకోవలసిన పనే లేదని చట్టంలో ఉంది. నేను తర్వాత చదివాను. వాళ్లింకా చదవలేదు, రెక్కలు పట్టి లాక్కుపోయారు.

స్టేషనులో ఎస్సై పంచాయితీ పెట్టాడు. నన్ను గోడకు ఆనుకోనివ్వలేదు, సున్నం నల్లబడుతుందని.

"ఏం జేసినాడు వీడు?" అన్నాడు ఎస్సై.

"తిట్టాడండి" అన్నాడు కోస్తా కానిస్టేబులు. ఆయన నుంచి అంబలి ఇంకా కారుతున్నది.

కాగితాలు రాసే హెడ్డు కలం తీసుకున్నాడు. "ఏమని తిట్టినాడో చెప్పప్పా. బూతు కేసు నిలవాలంటే బూతు బూతుగానే రాయాల. రెండు వందల తొంభైనాలుగో సెక్షను."

కానిస్టేబులు నేల చూపులు చూశాడు. "రాయొద్దండి. అది మా నాన్నగారి గురించి. కాగితం మీద పడితే మా ఊరిదాకా పోద్ది."

ఎస్సై నెత్తి పట్టుకున్నాడు. "అయినా జాతరలో తిట్టినాడని కేసు పెడితే ఊరంతా నవ్వుతుందిరా నాయనా. పొద్దున మా అమ్మే బొగ్గుపూసుకున్నోణ్ణి ఇంటికి పిల్చి, కాళ్లకు నీళ్లు పోసి తిట్టించుకునింది."

"ఇడిసిపెడదామా సార్?" అన్నాడు హెడ్డు.

"యూనిఫాం అంబట్లో మునిగినాక యాడ ఇడిసేది? అరెస్టును ఎదిరించినాడని రాయి. డ్యూటీకి అడ్డం వచ్చినాడని రాయి. నెట్టినాడని రాయి."

"అరెస్టు దేనికని రాసేది సార్?"

"దానికి అది అక్కర్లే."

నేను అక్కడ నోరు తెరిచాను. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. "సార్, పట్టుకున్నోనికి దేనికి పట్టుకున్నారో చెప్పాలని కొత్త ప్రొసీజర్ కోడులో ఉండాది గదా. యాభయ్యో సెక్షను" అన్నాను.

ఎస్సై లేచి వచ్చి చెంప మీద ఒకటి ఇచ్చాడు. అరచేతికి అంటుకున్న నల్లటి మసిని నా తలకు కట్టిన వేపాకుతో తుడుచుకున్నాడు. "అర్థమైందా?" అన్నాడు. కాలేదు.

రెండు రాత్రులూ మధ్య పగలూ ఆ బొగ్గుతోనే ఉంచారు. అరెస్టు చేసిన సమయం మర్నాటి పొద్దుటిదిగా రాశారు, ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి గనుక. ముందురోజు నేను స్టేషనులో కూర్చున్నది సొంత సరదా కింద పోయింది.

పట్టుకున్న మర్నాడు మా ఆవిడ వచ్చింది. ఆమె వెనక మూడు వీధుల ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చారు. నా మీద అభిమానంతో అనుకొని నాకు కళ్లు చెమర్చాయి. వాళ్లు వచ్చింది నీళ్ల కోసం. నా బదులు పంపినవాడికి ఏ వాల్వు ఏ వీధిదో తెలియక ఒక వీధిని వరదపాలు చేసి మూడు వీధులను ఎండబెట్టాడు.

"మావోడు లోపలుండేది మీ ఇష్టం సార్. ఆ వాల్వు కథేందో చెప్పించి మళ్లా లోపలేసుకోండి" అని ఒక పెద్దామె ఎస్సైతో బేరమాడింది.

మా ఆవిడ మాత్రం నన్నే చూసింది. "కొట్టినారా?"

"ఒకటి."

"పర్మినెంటు అవుతుందా లేదా? అది చెప్పు ముందు."

నాకు తెలియదన్నాను. మొక్కు తన కోసం మొక్కుకున్నది గనుక ఆమె కోపం దిగమింగి, కొంగుతో నా చెంప మీది మసి తుడిచింది.

ఆ తర్వాతి రోజు కోర్టులో జామీను దొరికింది. ఆఫీసులో మేనేజరు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. ఆయన మంచివాడే. "కేసు తేలేదాకా నీది పక్కన పెడతానప్పా. మిగిలినోళ్లవి పంపిస్తా ఉండాను. ఏమనుకోవద్దు" అన్నాడు. ఏమనుకోవద్దు అన్నాక అనుకోవడానికి ఏముంటుంది. నేను వాల్వు తిప్పడం నేర్పినవాళ్లంతా ఆ నెలలోనే పర్మినెంటు అయ్యారు.

మాకు దొరికిన వకీలు చిత్తూరు మనిషి, పెద్దవాడు. బస్సులో వచ్చేవాడు. ఎప్పుడు ఆలస్యమైనా బస్సు పూతలపట్టులో ఆగిపోయిందనేవాడు. అన్ని బస్సులూ అదే ఊళ్లో ఎందుకు ఆగిపోతాయని నేను అడగలేదు, ఆయన ఒక్కడే నా కేసు ఒప్పుకున్నాడు కాబట్టి. ఈలోపల నేను గ్రంథాలయంలో పీనల్ కోడు తెలుగు పుస్తకం పట్టి, అట్ట ఊడిపోయేదాకా చదివాను. ఆయన బస్సు దిగి అరుగు మీద కూర్చోగానే చెప్పడం మొదలుపెట్టాను.

"అయ్యా, తొంభైతొమ్మిదో సెక్షను సూసినారా? పోలీసు పని కాస్త చట్టం తప్పినా ఎదురు తిరిగే హక్కు మనకు లేదంట. కానీ వాడు పోలీసని మనకు తెలిసుండాల, లేదా తెలిసేదానికి తగిన ఆధారం ఉండాల. అది లేకుంటే హక్కు మనదే."

"ఆ సెక్షను నేను పుట్టకముందు నుంచి ఉండాది అప్పా" అన్నాడు వకీలు, ఆకులకు సున్నం రాసుకుంటూ.

"అందుకని నేను కోర్టులో నిలబడి, ఔను, ఎదిరించినాను, ఎదిరించే హక్కు నాకుండాది అంటాను."

ఆయన సున్నం రాయడం ఆపాడు. "ఆ మాట అన్నావంటే నేను తిరిగి బస్సెక్కేస్తాను. ఇను. హక్కుండాదనేది ఆఖర్న. ఎదిరించనే లేదనేది ముందు. నువ్వు నెట్టినావా?"

"లేదు. జారినాడు."

"దేనివల్ల?"

"ఆముదం."

"అంతే. ఆముదం మీద వాళ్లకు సెక్షను లేదు. ఇంక ఈ రెండు వందల ఇరవైనాలుగు ఉండాదే, అరెస్టును ఎదిరించేది, దాన్ని గట్టిగా సదువు. ఉత్త అరెస్టును ఎదిరిస్తే కాదు. ఏదో ఒక నేరం మోపి, ఆ నేరానికి చట్టప్రకారం పట్టుకుంటా ఉంటే ఎదిరించాల. వాళ్ల కాయితంలో ఆ నేరం యాడుండాది?"

"లేదు."

"లేదు గదా. మనం అడిగేది అదొక్కటే. నువ్వు గమ్మునుండాల. నీకు సదువెక్కువ, గమ్మునుండేది కష్టం. అయినా ఉండు."

ఆయన ఇంకొన్ని చెప్పాడు. అవి ఎవరికైనా పనికొస్తాయేమోనని రాస్తున్నాను. పోలీసు పట్టుకుంటే చెయ్యి లాక్కోవద్దు, అన్యాయమైనా సరే. దేనికని గట్టిగా, నలుగురికీ వినపడేలా అడగాలి. దెబ్బలు తగిలితే మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన మొదటి పూటే చెప్పాలి, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. చూసినవాళ్లెవరో ఆ రోజే గుర్తుపెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మనకు చట్టం తెలుసని స్టేషనులో చూపించుకోవద్దు. ఈ ఆఖరిది చెప్పేటప్పుడు ఆయన నా చెంప వైపు చూశాడు.

విచారణ రోజున కోర్టు నిండిపోయింది. అంబలి తొట్టి కథ ఊరంతా తిరిగింది మరి. కోస్తా కానిస్టేబులు బోనెక్కాడు. ఈసారి యూనిఫాం సరిపోయింది, కొత్తది కుట్టించారు.

వకీలు మెల్లగా మొదలుపెట్టాడు. "ఆ పొద్దు తమరు వేపాకు దండ వేసుకొని ఉండారా?"

"వేసుకోలేదండి. వేశారండి."

"తీసేసినారా?"

"ఎండకి చల్లగా ఉందండి."

"నుదుటి మీద కుంకుమ యూనిఫాంలో భాగమా?"

"కాదండి. ఎవరో పెట్టారండి."

"చొక్కా తమ కొలతకు కుట్టిందేనా?"

"వేరేవాళ్లదండి. నాది ఇంకా రాలేదండి."

"ఒక ముసలామె తమకు పావలా ఇచ్చిందా?"

కానిస్టేబులు పబ్లిక్ ప్రాసిక్యూటరు వైపు చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "ఇచ్చిందండి."

"నేను పోలీసునమ్మా, వేషం కాదు అని చెప్పినారా?"

"ఆవిడ అడగలేదండి."

అక్కడ మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. "ఆ పావలా ఏం చేశారు?"

"కిళ్లీ వేసుకున్నానండి."

కోర్టులో నవ్వు ఆగడానికి కాసేపు పట్టింది. బిళ్ల బంట్రోతు కూడా నవ్వి, తర్వాత సైలెన్స్ అని అరిచాడు. వకీలు మాత్రం నవ్వలేదు. పావలా తీసుకునేది జాతరలో వేషం వేసినవాడొక్కడే అని, ఇది ఈ ఊళ్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసునని, ముద్దాయి ఆ పావలాను కళ్లారా చూశాడని చెప్పి, అందరం ఎదురుచూస్తున్న ప్రశ్న అడిగాడు.

"ఇంతకూ మా ముద్దాయిని ఏ నేరానికి అరెస్టు చెయ్యబోయినారు?"

"తిట్టినందుకండి."

"ఏమని తిట్టినాడు?"

కానిస్టేబులు మళ్లీ నేల చూపులు చూశాడు. మేజిస్ట్రేటు చెప్పమన్నాడు. ఆయన తల అడ్డంగా తిప్పాడు. కాగితం మీద రాసి ఇవ్వమన్నాడు. దానికీ తిప్పాడు. "కేసు పోయినా ఫర్వాలేదండి. ఆ మాట నా చేత్తో రాయనండి" అన్నాడు. ఇన్ని నెలల్లో ఆ మనిషి మీద నాకు కోపం తగ్గిన ఘడియ అదొక్కటే. తండ్రి మీద గౌరవం ఉన్నవాడు. ఆ గౌరవం నా ఉద్యోగం మీద పడడం నా ఖర్మ.

ప్రాసిక్యూటరు లేచి, అరెస్టు దేనికైనా కానివ్వండి, ఎదిరించడం వేరే నేరం అన్నాడు. మేజిస్ట్రేటు, దేనికైనా అనే సెక్షను ఉంటే చూపించండి అన్నాడు. ప్రాసిక్యూటరు కూర్చున్నాడు. ఏ నేరానికో చెప్పలేని అరెస్టును ఎదిరించడం ఆ సెక్షను కిందికి రాదని, ఎదుటివాడు పోలీసని తెలియడానికి తగిన ఆధారం ముద్దాయికి ఉన్నట్టు రుజువు కాలేదని, నెట్టాడన్న విషయంలో సందేహం ఉన్నందున ఆ లాభం ముద్దాయికి ఇస్తున్నానని తీర్పు చెప్పాడు.

నేను బయటికి వచ్చి వకీలుతో గొడవపడ్డాను. "సందేహం ఎందుకు? నాకు సందేహం లేదే."

"లాభం ఇస్తా ఉంటే తీసుకోవాల అప్పా. సందేహమూ నీకే కావాలంటే ఎట్ల?" అని ఆయన బస్సుకు పోయాడు.

తీర్పు నకలు పట్టుకొని ఆఫీసుకు పోయాను. మేనేజరు కళ్లద్దాలు పెట్టుకొని అంతా చదివాడు. సంతోషమన్నాడు. తర్వాత తల గోక్కున్నాడు.

"కేసు కొట్టేసినారు, బాగుండాది. అయితే నువ్వు అరెస్టు అయినావు గదా. దేనికి అయినావని నేను పైకి రాయాల."

"అరెస్టును ఎదిరించినందుకు."

"అది రెండోదప్పా. మొదటిది?"

"మొదటిది వాళ్లకే తెలీదు. కోర్టులో కూడా తేల్లేదు."

"తెలీదని రాస్తే పైనోళ్లు ఊరుకుంటారా? ఏదో పెద్దదే అయ్యుంటుంది, దాస్తా ఉండారంటారు. దొంగతనం అని ఉంటే బాగుండు, కొట్టేసినారని రాసి పంపేవాణ్ణి. నువ్వు స్టేషనుకు పోయి దేనికో ఒక మాట రాయించుకొని రా."

దొంగతనం చేసి ఉంటే నాకు ఉద్యోగం ఖాయమయ్యేదన్న మాట. నేను చేయకపోవడం వల్ల చిక్కు వచ్చింది.

స్టేషనుకు పోయాను. పాత ఎస్సై బదిలీ అయ్యాడు. కొత్తాయన, "నేను పెట్టిన కేసు కాదు, నేను చేసిన అరెస్టు కాదు, నాకేం తెలుసు?" అన్నాడు. హెడ్డు మాత్రం పాతవాడే. నన్ను బయటికి తీసుకుపోయి టీ ఇప్పించి, "అప్పా, ఆ కాయితంలో లేనిదాన్ని ఇప్పుడు రాస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. నీ ఉద్యోగం సంగతి సరే, నాది రావాలి గదా అన్నాను. ఇంకో టీ చెప్పాడు.

అక్కడి నుంచి సర్కిల్ ఆఫీసు. సర్కిల్ నుంచి చిత్తూరులో పై ఆఫీసు. ఎన్నిసార్లు తిరిగానో లెక్క పెట్టుకోలేదు. అన్నిసార్లలో నేను ఎక్కిన బస్సు పూతలపట్టులో ఒక్కసారి కూడా ఆగిపోలేదని మాత్రం గమనించాను. చిత్తూరు ఆఫీసులో అర్జీలు తీసుకునే గుమాస్తా ఒకడు ఉండేవాడు, తీరిక మనిషి.

"ఏ సెక్షను కింద అడగతా ఉండావు?"

"యాభై. దేనికి అరెస్టు చేసినారో చెప్పాలని."

"అది అరెస్టు అయ్యేటప్పుడు అడగాల. ఇన్నేండ్లకు వస్తే ఎట్ల?"

"అప్పుడే అడిగినాను."

"ఏం జెప్పినారు?"

"కొట్టినారు."

"మరి జవాబు ఇచ్చినారు గదప్పా. ఇంకేం కావాల?"

అర్జీ ఇచ్చాను. అది ఎక్కడో పోయిందన్నారు. ఇంకొకటి ఇచ్చాను. మా ఆవిడ ప్రతి అర్జీనీ ముందు తనకు చదివి వినిపించమనేది. విని, "నీ కోపం కొంచెం తగ్గించి రాయి, మన ఉద్యోగం కోసం అడగతా ఉండాం, వాళ్లను సంస్కరించేదానికి కాదు" అనేది. నేను తగ్గించేవాణ్ణి కాదు. ఆమె చెప్పింది విని ఉంటే రెండేళ్లు ముందే అయిపోయేదని ఆమె ఉద్దేశం. అసలు అయ్యేదే కాదని నాది. ఈలోపల ఒక చలికాలంలో నాకు టైఫాయిడు వచ్చి మంచం పట్టాను. దినకూలీకి మంచం అంటే ఏమిటో ఇందాకే చెప్పాను. ఆ నెల ఆమె ఇంటింటికీ పోయి పిండి రుబ్బింది. పర్మినెంటు అయిన నా శిష్యులు పండ్లు తెచ్చి ఇచ్చి, "అన్నా, ఇంకా తేల్లేదా?" అని జాలిపడి పోయారు. జాలిపడేవాళ్లకు జీతం ఆగదు.

జ్వరం తగ్గాక, ఈసారి మా ఆవిడ చెబుతుంటే నేను రాశాను. అందులో సెక్షను లేదు, చట్టం లేదు. అయ్యా, నన్ను దేనికి పట్టుకున్నారో దయచేసి ఒక ముక్క రాసివ్వండి, దాని మీద మా బతుకు ఆగి ఉంది, అంతే. ఎనభైలు వచ్చి కొన్నేళ్లయింది అప్పటికి.

దానికి జవాబు వచ్చింది. కవరు విప్పి ఒకసారి చదివి మంచం మీద కూర్చున్నాను. మా ఆవిడ, "మంచిదా చెడ్డదా?" అని అడిగింది. ఆమెకూ చదివి వినిపించాను. మేనేజరు దగ్గరికి తీసుకుపోతే ఆయన చదివి, లేచి నా భుజం తట్టి, "ఇంతకంటే ఏం గావాల అప్పా" అన్నాడు. ఆ నెలలోనే నన్ను పర్మినెంటు చేశారు. నేను దెబ్బ తిన్నదీ, బొగ్గుతో కూర్చున్నదీ, జామీను మీద వచ్చిందీ, బోను దగ్గర నిలబడిందీ ఏమయ్యాయని ఇంకో అర్జీ పెడదామని కాగితం తీశాను. మా ఆవిడ కలం లాక్కుంది. కాబట్టి నాకు అందిన ఆఖరి జవాబు అదే. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ దింపుతున్నాను:

"తమ అర్జీ పరిశీలించడమైనది. తమరిని ఏ నేరము పైననూ అరెస్టు చేసినట్లు రికార్డులలో కనబడుట లేదు. నేరము లేనిదే అరెస్టు ఉండదు కావున, తమరు ఎన్నడునూ అరెస్టు కాలేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. అయిననూ అరెస్టును ఎదిరించుట తీవ్రమైన నేరమనియు, ఇకముందు అట్లు ఎదిరించరాదనియు తమరిని హెచ్చరించడమైనది."